ఖన–మిహిరుల దిబ్బ ఆత్మకథ

ఖన–మిహిరుల దిబ్బ పశ్చిమ బెంగాల్‌లో, కోల్‌కతాకు ఈశాన్యంగా సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, బేరాచాంపా దగ్గర ఉన్న పాత ఇటుకల గుట్ట. అక్కడివాళ్ళు దీన్ని ‘ఖనా మిహిరేర్ ఢిపి’ అంటారు. ఈ వృత్తాంతం చెబుతున్నది ఆ దిబ్బే. చాలాకాలంగా ఇద్దరు మనుషుల పేరు మోస్తూ ఉండటంతో దానికి ‘నేను’ అనే అలవాటు తప్పింది. తన సంగతి కూడా పక్కవాళ్ళ సంగతి చెప్పినట్టే చెబుతుంది.

పుట్టుక గురించి చెప్పుకోవాల్సింది తక్కువే. మట్టి తొక్కారు, ఇటుకలు కాల్చారు, పేర్చారు. ఈ చోటు చంద్రకేతుగఢ్ అనే ప్రాచీన నగరంలో భాగం. మౌర్యులకు ముందునుంచి పాలుల కాలం దాకా అక్కడ మనుషులు కాపురమున్నారు. విద్యాధరి నది దగ్గరలో ఉండటంతో వర్తకమూ సాగింది. గుప్తుల కాలానికి దిబ్బ ఇంకా దిబ్బ కాలేదు, పెద్ద ఇటుక గుడి. గుడిగా ఉన్న రోజులను తలచుకున్నప్పుడు దాని గొంతులో కొంచెం గర్వం వినిపిస్తుంది.

తర్వాత గుడి కూలింది, దేవుడి పేరు జనం నోట ఆరిపోయింది. ఖాళీ అయిన చోటులోకి ఒక కథ వచ్చి కాపురం పెట్టింది.

కథ ఇదీ. విక్రమాదిత్యుని కొలువులో వరాహుడనే జ్యోతిష్కుడికి మిహిరుడనే కొడుకు పుట్టాడు. జాతకం చూస్తే ఆయువు అత్యల్పమని తేలింది. ఒక్క ఏడాదేనని కొందరు చెబుతారు, పదేళ్ళని మరికొందరు. అసలు ఆయువు నూరేళ్ళు. తండ్రి లెక్కలో సున్న ఒకటి జారిందా, రెండు జారాయా అన్నదే తేడా. కళ్ళముందు చావు చూడలేక వరాహుడు పసివాణ్ణి ఒక పాత్రలో పెట్టి నీళ్ళలో వదిలేశాడు. పాత్ర లంకకు చేరింది. అక్కడ ఖన అనే అమ్మాయితో కలిసి మిహిరుడు పెరిగాడు. ఇద్దరూ జ్యోతిషం నేర్చుకున్నారు, ఇద్దరూ రేపటిని చదవగలిగారు. పెళ్ళి చేసుకుని వరాహుడి ఇంటికి తిరిగొచ్చారు.

కోడలు చేసిన మొదటి పని మామగారి లెక్క దిద్దటం. తెలుగువాళ్ళు ‘నిండు నూరేళ్ళు బతుకు’ అని దీవిస్తారు. ఖన భర్తకు ఆ మాటనే గుణించి, కూడి, రుజువు చేసి చెప్పింది. దిబ్బ దృష్టిలో వాళ్ళ ప్రేమకథలో ఇంతకు మించిన ఘట్టం లేదు. పెళ్ళినాటికే మొగుడి ఆయువు తెలిసిన ఇల్లాలు, ఆయువు తీరిందని తండ్రి వదిలేసిన మొగుడు. తన ఆయువు ఎంతో ఖన లెక్క వేసుకుందో లేదో ఏ కథనమూ చెప్పదు.

రాజు ఒకసారి ఆకాశంలో నక్షత్రాలెన్నో చెప్పమన్నాడు. మామకు చేతకాలేదు, కోడలు చెప్పింది. కొలువులో ఆమెకు పేరు వచ్చింది. దానితోనే ఇంట్లో నిప్పు రాజుకుంది. ఆమె నాలుక కోసేశారు. కోసింది మామ అని కొందరంటారు, తండ్రి ఆజ్ఞ మీద మిహిరుడే కోశాడని ఇంకొందరు. రెండో కథనాన్ని దిబ్బ తలదించుకునే వింటుంది. చుక్కలను చదివిన జంట అదే కప్పు కింద ఉన్న పెద్దాయన ముఖం చూడలేదా? చూసీ మాట్లాడుకోలేదా? ఆమె అసలు పేరు లీలావతి అని, మూగదయ్యాకే ‘ఖన’ అయిందని చెప్పేవాళ్ళూ ఉన్నారు.

చరిత్ర ఈ కథకు సాక్ష్యం పలకదు. వరాహమిహిరుడు ఒక్కడే మనిషి. ‘బృహత్సంహిత’, ‘పంచసిద్ధాంతిక’ రాసినవాడు. ఆరో శతాబ్దివాడు, అవంతివాడు. తండ్రి పేరు ఆదిత్యదాసు అని తనే రాసుకున్నాడు. కథ ఆ ఒక్క పేరును రెండుగా కోసి తండ్రినీ కొడుకునూ చేసింది. ఖన పేరుతో బెంగాలీ రైతుల నోట ఉన్న ‘ఖనార్ బచన్’ సామెతల భాష కూడా అంత పాతది కాదు. అరటి ఆకులు కోయకుండా చెట్టును పెరగనిస్తే తిండికీ గుడ్డకూ లోటుండదని, మాఘం చివర వాన పడితే దేశానికి మేలని చెప్పే మాటలవి. వరాహమిహిరుడూ వానల గురించి రాశాడు. మేఘం గర్భం దాల్చిన 195 రోజులకు వర్షిస్తుందన్నాడు. ఆయన మాట పండితుల దగ్గర ఆగింది. నాలుక లేని ఆమె మాట పొలాల్లో తిరుగుతోంది.

దిబ్బ ఫిర్యాదు వేరే. పాడుపడ్డ గుడి ఇటుకను చేతికందినవాడల్లా పట్టుకుపోవటం లోకరీతి. ఇటుక ఎదురు చెప్పదు. 1956–57 నుంచి కలకత్తా విశ్వవిద్యాలయపు ఆశుతోష్ మ్యూజియం తవ్వకాలు జరిపినప్పుడు గుడి పునాదులు బయటపడ్డాయి. దిబ్బకు తను ఎవరో మళ్ళీ గుర్తొచ్చింది. చుట్టుపక్కల మాత్రం చెరువు తవ్వినా నాగలి దున్నినా తేలే మట్టిబొమ్మలు దళారుల సంచుల్లోకి జారుకున్నాయి. ఈ నగరపు మట్టిబొమ్మలు ఇప్పుడు న్యూయార్క్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో మ్యూజియం అద్దాల వెనుక ఉన్నాయి. సంచుల్లో పోయినవాటి విషయంలో ఏ గుంటలో, ఏ పొరలో దొరికాయో చెప్పే కాగితం ఉండదు. బొమ్మ మిగిలింది, దాని ఊసు పోయింది. ఈ నగరపు బొమ్మల్లో ఒకరినొకరు ఆనుకున్న స్త్రీ పురుషులు చాలామంది. నిజంగా ఇక్కడి చేతులు చేసిన జంటలు అవి. వాటి పేర్లు ఎవరూ అడగలేదు. ఎన్నడూ ఇక్కడ కాపురం చేయని జంట పేరే దిబ్బకు ఖాయమైంది. కృష్ణ ఒడ్డున అమరావతి స్తూపపు దిబ్బ దీపాలదిన్నెదీ ఇలాంటి ఫిర్యాదే: దాని శిల్పాలు లండన్ దాకా వెళ్ళాయి.

కోసిన నాలుకను బల్లి మింగిందని, అందుకే బల్లి పలుకు నిజమవుతుందని బెంగాల్‌లో చెప్పుకుంటారు. అక్కడ బల్లి ‘ఠిక్ ఠిక్ ఠిక్’ అంటుంది. ‘నిజం’ అని దాని అర్థం. తెలుగు ఇళ్ళలోనూ మాట మధ్యలో బల్లి పలికితే ‘సత్యం’ అని నేలను వేలితో తట్టేవాళ్ళున్నారు. దిబ్బ ఇటుకల సందుల్లోనూ బల్లులున్నాయి. సాయంత్రం అవి పలుకుతాయి.