పక్కకు జాగా లేక

నన్ను చూసి మొదట్లో డబ్బా అన్నోళ్లే ఎక్కువ. ఆ ఆకారం వెనుక జపాన్ పన్నుల లెక్క ఉందని ఎవరికి తెలుసు? అక్కడ కెయ్ అనే చిన్నకార్లకు పన్ను తక్కువ. అప్పటి షరతులు మాత్రం గట్టివి: ఇంజిను 660 సీసీ, పొడవు 3.3 మీటర్లు, వెడల్పు 1.4 మీటర్లు దాటొద్దు. ఎత్తుకు మాత్రం 2 మీటర్ల దాకా వదిలారు. పక్కకు జాగా లేదు కాబట్టి సుజుకీ వాళ్లు పైకి పెంచారు. 1993 సెప్టెంబరులో అట్లా పుట్టింది మా మూలపురుషుడు, మొదటి వ్యాగన్ ఆర్. డ్రైవరు వైపు ఒక తలుపు, అవతలి వైపు రెండు. నాకిప్పటికీ అది వింతే.

1999 చివర మారుతి మమ్మల్ని ఇండియాకు తెచ్చింది. ఏడాది ముందే వచ్చిన శాంత్రో ఎత్తు కారును జనానికి అలవాటు చేసింది కాబట్టి నవ్వులు కొంత తగ్గాయి. ఇక్కడ మాకు 1061 సీసీ ఇంజిను, నాలుగు సిలిండర్లు. 2007లో ఒక అవ్వ కొడుకు దుబాయి పైసలతో నన్ను కొని, ఏపీ 15 నంబరు వేయించి, కొండగట్టు అంజన్న దగ్గర పూజ చేయించి, కరీంనగర్ ఇంటి ముందు నిలబెట్టాడు. మోకాళ్ల నొప్పుల అవ్వ తలుపు తీసి, వంగకుండా కూసుంది. "కుర్సీ తీర్గ ఉన్నది కొడుకా" అంది. నన్ను గీసిన ఇంజనీర్లకు ఆ మాట చేరిందో లేదో!

అవ్వ బిడ్డ ఆదిలాబాద్‌లో ఉంటుంది. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్ దాటి, సోన్ దగ్గర గోదావరి మీదుగా నిర్మల్. అక్కడిదాకా హాయే. మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే నా బండారం బయటపడుతుంది: ఐదుగురు, బియ్యం సంచి, పచ్చడి జాడీలు ఉంటే ఏసీ బంద్ చేయాల్సిందే. మలుపులో ఒళ్లు పక్కకు ఒరుగుతుంది. పెద్దరోడ్డు మీద లారీ దాటిపోతే ఆ గాలికే ఊగుతాను. ఎత్తుకు ఆ ఖర్చు తప్పదు.

2010లో వచ్చిన తమ్ముడికి మూడు సిలిండర్ల 998 సీసీ ఇంజిను పెట్టారు. 2019లో వచ్చినోడు 1620 మిల్లీమీటర్ల వెడల్పు. ఇక్కడి పన్ను పొడవును 4 మీటర్ల దగ్గర, పెట్రోల్ ఇంజినును 1200 సీసీ దగ్గర ఆపుతుంది గాని వెడల్పు ఊసెత్తదు. ఇక వాడెందుకు ఊరుకుంటాడు?

పదిహేనేళ్లు నిండాక ఆర్‌సీ ఇంకో ఐదేళ్లకు పెంచుకోవాలి. అప్పుడు కొడుకు అమ్మేద్దామన్నాడు. కిందికి ఉండే సెడాన్ ఒకటి చూసొచ్చాడు కూడా. అవ్వ దాంట్లో కూసొని చూసింది. దిగడానికి కొడుకు చేయి పట్టుకోవలసి వచ్చింది.

"ఇది నీకు తెచ్చుకో. నాకు నా బండి ఉండనియ్" అంది.

నన్ను ఫిట్‌నెస్‌కు తీసుకపోయారు.