చిన్న ఎలక్ట్రిక్ కారుకు ఆరు తిరగేసిన సలహాలు

ఏడెనిమిది లక్షల్లో చిన్న ఎలక్ట్రిక్ కారు కొందామని నోరు తెరిస్తే చాలు, ఇంటా బయటా ఒకటే మాట. ఎక్కువ రేంజ్ ఉన్నది తీసుకో, ఇంకో లక్ష పోయినా పెద్ద బ్యాటరీ చూసుకో, ఊరికి వెళ్లి రాగలిగేది కొనుక్కో. ఇవన్నీ పెట్రోలు కార్లు కొని కొని అలవాటైన బుర్రలోంచి వచ్చే సలహాలు. కింద చెప్పేవి వినగానే అడ్డంగా, మొండిగా తోస్తాయి. కానీ మధ్యతరగతి ఇంటికి ఎలక్ట్రిక్ కారు కలిసి రావాలంటే ఇలాగే కొనాలని నా గట్టి నమ్మకం.

1. షోరూముకు చివర్లో వెళ్లండి, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి

కారు ఎంపిక మొదలుపెట్టాల్సింది మీ పార్కింగ్ గోడ దగ్గర. చిన్న కార్లతో వచ్చే మామూలు చార్జర్ 3.3 కిలోవాట్లది. 17.3 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉన్న ఎంజీ కామెట్ సున్నా నుంచి నిండడానికి దానితో ఏడు గంటలు పడుతుంది. గీజరు ఇరవై నిమిషాలు లాగి ఆగిపోతుంది. కారు రాత్రంతా లాగుతూనే ఉంటుంది. పాత ప్లగ్గులో పిన్ను కాస్త వదులుగా ఉన్నా అక్కడ వేడి పుడుతుంది, రంధ్రాల చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరుగుతుంది, కాలిన వాసన వస్తుంది. చార్జింగ్ పెట్టిన అరగంటకు ప్లగ్ టాప్ మీద చెయ్యి వేసి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే వెంటనే ఆపేయండి.

అపార్ట్‌మెంట్లలో మీటర్లు చాలావరకు కిందే, స్టిల్ట్‌లోనో సెల్లార్‌లోనో ఉంటాయి. మీ మీటరు నుంచి మీ పార్కింగ్ దాకా విడిగా రాగి తీగ, విడిగా ఎంసీబీ, సరైన ఎర్తింగ్, కొత్త 16 ఆంప్స్ సాకెట్ పెట్టించుకోండి. అసోసియేషన్‌తో ముందే మాట్లాడి ఒప్పుదల కాగితం మీద తీసుకోండి. ఇది కుదరకపోతే కారు ఆలోచన అక్కడితో ఆపండి. రోజూ బయటి చార్జర్ల వెంట పడాల్సి వస్తే ఈ కారు సుఖమూ ఇవ్వదు, పొదుపూ ఇవ్వదు.

2. దొరికే వాటిలో చిన్న బ్యాటరీయే తీసుకోండి

2022 సెప్టెంబరులో టాటా టియాగో ఈవీ వచ్చినప్పుడు రెండు బ్యాటరీలు ఇచ్చారు: 19.2, 24 కిలోవాట్ అవర్లు. పరీక్షలో వచ్చిన రేంజ్ 250, 315 కిలోమీటర్లు. ఆ అంకెలు మన రోడ్ల మీద రావు. ఏసీ, ట్రాఫిక్, నలుగురి బరువు కలుపుకుని మూడింట రెండు వంతులే నమ్మండి. అలా చూసినా చిన్న బ్యాటరీకి 165 దాకా వస్తుంది. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి వెళ్లి రావడానికి ముప్పై కిలోమీటర్లు అటూ ఇటూ. అంటే వారానికి రెండుసార్లు చార్జింగ్ పెట్టుకుంటే సరిపోతుంది. ఎలక్ట్రిక్ కారులో అన్నిటికంటే ఖరీదైనది బ్యాటరీ. వాడని బ్యాటరీకి డబ్బు కట్టి, దాని బరువును ఏళ్ల తరబడి మోసుకు తిరగడం ఎందుకు?

3. సంక్రాంతి ప్రయాణాన్ని లెక్కలోంచి తీసేయండి

హైదరాబాద్ నుంచి విజయవాడ 275 కిలోమీటర్లు. పండక్కి పంతంగి టోల్ గేటు దగ్గర ఎంత వరుస ఉంటుందో దారిలోని చార్జర్ల దగ్గరా అలాంటి వరుసే ఉంటుంది. కామెట్‌కైతే హైవేల మీద ఉండే డీసీ ఫాస్ట్ చార్జింగ్ సదుపాయమే లేదు. ఏడాదికి రెండుసార్లు చేసే ప్రయాణం కోసం మిగిలిన మూడు వందల అరవై రోజులకు సరిపడని కారు కొనకండి. ఊరికి రైలెక్కండి, బస్సెక్కండి, లేదా కారు అద్దెకు తీసుకోండి. పెద్ద బ్యాటరీకి పెట్టే అదనపు లక్షతో పోలిస్తే ఆ ఖర్చు ఎంత?

4. తక్కువ తిరిగేవాళ్లు అసలు కొనకండి

పెట్రోలు కారుకూ ఎలక్ట్రిక్ కారుకూ ధరలో తేడా మూడు లక్షలనుకుందాం. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే పెట్రోలు కారు లీటరుకు 18 ఇస్తే, లీటరు 107 చొప్పున దాదాపు 5,900 రూపాయలవుతుంది. చిన్న ఎలక్ట్రిక్ కారుకు 120 యూనిట్లు చాలు. అయితే కరెంటు బిల్లులో శ్లాబు మారుతుందని గుర్తుంచుకోండి. తెలంగాణలో ఇప్పటికే 250 యూనిట్లు వాడే ఇంటికి కొంత 7.70 చొప్పున, మూడు వందలు దాటాక 9 రూపాయల చొప్పున పడి, వెయ్యి రూపాయలకు అటూ ఇటూ పెరుగుతుంది. అంటే నెలకు 4,900 మిగులు, అయిదేళ్లలో తేడా తీరిపోతుంది. అదే నెలకు మూడు వందల కిలోమీటర్లే తిరిగితే తీరడానికి పదహారు, పదిహేడేళ్లు పడుతుంది. అప్పటికి కారు ఉంటుందా?

తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు ఆఖరు దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఇచ్చారు. అది లెక్కలో కలుపుకోండి. గడువు అయిపోతోందని మాత్రం కంగారుపడి కొనకండి.

5. అన్నిటికంటే తక్కువ ధర కనిపిస్తే వెనకడుగు వేయండి

2024 సెప్టెంబరులో కామెట్‌ను బ్యాటరీ అద్దె పద్ధతిలో 4.99 లక్షలకు ప్రకటించారు. అద్దె కిలోమీటరుకు రెండున్నర రూపాయలు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే 2,500. పైన లెక్కేసిన మిగులులో సగం అద్దెకే పోతుంది. ఇలాంటి ఒప్పందంలో నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాలనే షరతు ఉందేమో, కారు అమ్మేటప్పుడు అద్దె ఎవరి మెడకు చుట్టుకుంటుందో చదివి తెలుసుకునేదాకా సంతకం పెట్టకండి.

6. తెర వైపు చూడకండి, కింద, వెనక చూడండి

షోరూములో ముందుగా టచ్ స్క్రీన్ చూపిస్తారు. మీరు వారంటీ పుస్తకం అడగండి. బ్యాటరీకి ఎనిమిదేళ్లు, లక్షా అరవై వేల కిలోమీటర్లు అంటే, ఎంత శాతం సామర్థ్యం తగ్గితే మారుస్తారు, సెల్లార్‌లో నీళ్లు నిలిచి పాడైతే ఎవరు భరిస్తారు, రెండో యజమానికి ఎంత వర్తిస్తుంది అని ఒక్కొక్కటీ అడిగి రాయించుకోండి. సర్వీసు సెంటర్‌కు వెళ్లి ఎలక్ట్రిక్ కార్లు విప్పగలిగిన మెకానిక్ ఉన్నాడో లేడో చూడండి.

డబ్బు మిగిలించడానికి కోతపెట్టకూడనిది ఒకటుంది, అది భద్రత. 2024లో టాటా పంచ్ ఈవీకి భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదు నక్షత్రాలు వచ్చాయి. అదే ఏడాది గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో సిట్రోయెన్ ఈసీ3కి పెద్దల భద్రత కింద సున్నా వచ్చింది. రెండూ ఎలక్ట్రిక్కే, రెండూ కుటుంబాలు ఎక్కేవే. మీరు ఎంచుకున్న మోడల్‌కు పరీక్ష జరిగిందా, జరిగితే ఏమొచ్చిందని అడగండి. జవాబు దాటవేస్తే లేచి వచ్చేయండి.

ఇంట్లో సొంత ప్లగ్గు, రోజుకు ముప్పై నలభై కిలోమీటర్ల తిరుగుడు, దూర ప్రయాణాలకు వేరే దారి. ఈ మూడూ ఉన్నవాళ్లు నిశ్చింతగా చిన్న కారు, చిన్న బ్యాటరీ కొనుక్కోవచ్చు. మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ డబ్బు బ్యాంకులోనే ఉంచండి. కారు ఇంకో రెండేళ్లకు కొన్నా మునిగిపోయేదేమీ లేదు.