డ్రిల్లు మాస్టారికి ఎన్ని ఆటలొచ్చు?

మా రోజుల్లో బడికి ఒకే డ్రిల్లు మాస్టారు. కబడ్డీ ఆయనే, ఖోఖో ఆయనే, వాలీబాల్ ఆయనే, బాల్ బ్యాడ్మింటన్ ఆయనే. పరుగుపందేలకి ట్రాకు కొలిచి సున్నం పోసేదీ ఆయనే, తెగిన నెట్టుకి పురికొస కట్టేదీ ఆయనే. జోనల్ పోటీలకి పిల్లల్ని బస్సెక్కించి, రాత్రికి ఏ బళ్లోనో బెంచీలు కలిపి పడుకోబెట్టి, మర్నాడు ఆడించి క్షేమంగా ఇళ్లకి చేర్చేదీ ఆయనే. "మాస్టారూ, మీరు ఏ ఆట కోచ్?" అని ఆయన్ని ఏ తల్లీ తండ్రీ అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు వ్యాయామ ఉపాధ్యాయుడిగా రిటైరైన నన్ను ఎవరు కలిసినా ముందుగా అడిగేది అదే. వాలీబాల్ మనిషైతే షటిల్ నేర్పడానికి పనికిరాడట. షటిల్ మనిషైతే పరుగు గురించి నోరెత్తకూడదట.

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. దీనికి సరిగ్గా ఎదురు మాట ఒకటుంది, అది వింటే ఇంకా మండుతుంది. మనుషుల్ని నడిపించడం వస్తే చాలు, ఆట ఏదైనా ఒకటే అంటారు పెద్ద క్లబ్బులు నడిపేవాళ్లు. మొదటివాళ్లు శిక్షకుణ్ణి ఒక్క ఆటలోనే కట్టిపడేస్తారు. రెండోవాళ్లు ఆట నేర్చుకోవాల్సిన పనే లేదంటారు. ఒక ఆట నేర్పినవాడు ఇంకో ఆటకి మారగలడా అంటే, మారగలడు. మా మాస్టర్లు మారి చూపించారు. ఎలా మారారన్నదే ఇవాళ ఎవరికీ పట్టడం లేదు.

వాళ్ల చదువు ఎక్కడిదో ముందు చెప్పాలి. కోడి రామమూర్తి నాయుడు గారు సర్కసుతో పేరు తెచ్చుకోకముందు, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది విజయనగరం హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసినవారే. 1920లో హారీ క్రో బక్ అనే అమెరికా ఆయన మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల పెట్టాడు. దక్షిణాదిన విజిలు మెళ్లో వేసుకున్న తొలి తరం మాస్టర్లు ఎందరో అక్కడ తయారైనవాళ్లే. హైదరాబాద్ వైపు వాళ్లకి దోమలగూడ కళాశాల ఉండేది. ఇలాంటి చోట్ల ఒక్క ఆట నేర్పి పంపేవారు కాదు. ఎముక, కండ, ఊపిరి గురించి చెప్పేవారు. ఏ వయసు పిల్లాడు ఎంత పని తట్టుకుంటాడు, ఒళ్లు వేడెక్కకుండా పరిగెత్తిస్తే ఎక్కడ పట్టేస్తుంది అన్నవి మొదటి పాఠాలు. ఏ ఆట రూల్సు ఏమిటి, ఏది ముందు నేర్పాలి అన్నవి ఆ తర్వాత. అందుకే కబడ్డీ నుంచి వాలీబాల్‌కి వెళ్లినప్పుడు మా మాస్టర్లకి ఆట మారినట్టే అనిపించేది కాదు. ఎదురుగా ఉన్నది అదే పిల్లాడు, అదే ఒళ్లు.

ఖోఖో బాగా ఆడే పిల్ల వంద మీటర్ల పరుగులో మొదటి నాలుగడుగులు ఎలా వేస్తుందో ఒకసారి గమనించండి. వీపు మీద చెయ్యి పడి 'ఖో' వినబడగానే కూర్చున్న చోటు నుంచి లేచి దూసుకుపోవడం దానికి ముందే వచ్చు. కబడ్డీ కూతకెళ్లినవాడు వెనక్కి తగ్గుతూ తగ్గుతూ చటుక్కున దిశ మార్చే తీరు షటిల్ కోర్టులో సరిగ్గా పనికొస్తుంది. వాలీబాల్‌లో స్పైక్ కొట్టాలంటే భుజం వెనక్కి తీసి, మోచెయ్యి పైకెత్తి, బంతిని తలకి కాస్త ముందు, చెయ్యి అందినంత ఎత్తులో కొట్టాలి. షటిల్ స్మాష్‌లో మొదటి సగం ఇదే. గాల్లోకి ఎగిరినవాడికి మోకాళ్లు వంచి మెత్తగా దిగడం నేర్పకపోతే రెండు ఆటల్లోనూ మోకాలే పోతుంది. ఇదంతా ఒక ఆట తెలిసినవాడు ఇంకో ఆటకి చేతులూపుకుంటూ తీసుకెళ్లగలిగిన సొత్తు.

రెండో సగం దగ్గర చిక్కు వస్తుంది. వాలీబాల్‌ని అరచెయ్యి కొడుతుంది. షటిల్‌లో ముంజెయ్యి మెలి తిరగాలి, ఆ మెలి రాకపోతే ఎంత కండ ఉన్నా దెబ్బలో పదును ఉండదు. మా పల్లెల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడిన పిల్లల్ని షటిల్‌కి తెచ్చినప్పుడు ఇంకో బాధ. (ఈ ఆటలో జమ్మలమడక పిచ్చయ్య గారికి 1970లో అర్జున అవార్డు వచ్చింది. ఆడేది అయిదుగురు, కావలసింది ఊలు బంతీ ఆరుబయలూ. ఇప్పటి పిల్లల్లో చాలామంది ఆ బంతిని కంటితో చూడనైనా లేదు. ఆ దుఃఖం ఇంకోసారి చెప్పుకుంటాను.) ఊలు బంతి వచ్చే వేగం ఒకటి. ఈకల కాక్ ఎంత జోరుగా బయల్దేరినా గాలి పట్టేసి చివర్లో ఒక్కసారిగా మందగిస్తుంది. ఊలు బంతికి అలవాటుపడ్డ పిల్లాడు రాకెట్ ముందే తిప్పేస్తాడు. అది చూసి "తొందరపడకురా" అని అరిస్తే సరిపోదు. వాడు అడుగు ఎక్కడ ఆపాలో, కాక్‌ని ఎంతసేపు రానివ్వాలో చెప్పాలి. అలా చెప్పాలంటే ముందు నేర్పేవాడి కన్ను ఆ ఆటకి అలవాటు పడాలి.

ఒంటి గురించి తెలిసింది ఆట దాటి వస్తుంది. కన్ను దాటి రాదు. ఏ ఆటకా ఆట కన్నుని మొదటి నుంచి పెంచుకోవలసిందే. మా మాస్టారు వేసవి సెలవుల్లో సైకిలేసుకుని టౌనుకి వెళ్లి, తన శిష్యుల ఈడు కుర్రాళ్లు ఆడే కోర్టు పక్కన గట్టు మీద కూర్చునేవారు. ఒక పుస్తకంలో గీతలు గీసుకునేవారు: ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఏ కాలు ముందు కదిలింది. తెలియంది కుర్రాళ్లనే అడిగేవారు. నేను ఉద్యోగంలో చేరాక ఆయన్ని చూసి అదే చేశాను. ఇవాళ రెండు వారాల కోర్సు చేసి, సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకుంటున్నారు. కన్ను రెండు వారాల్లో రాదు.

అలా కన్ను పెంచుకున్నవారిలో సయ్యద్ అబ్దుల్ రహీం గారొకరు. ఆయన మీద సినిమా వచ్చాక అందరికీ ఫుట్‌బాల్ కోచ్‌గా తెలిశారు. ఆయన మొదట హైదరాబాద్‌లో బడి పంతులు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడుల్లో ఆటల బాధ్యత చూసినవారు. 1943 నుంచి సిటీ పోలీస్ జట్టుకి, తర్వాత దేశానికి ఫుట్‌బాల్ నేర్పారు. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన చేతి మీదుగా వచ్చినవే. రెండో కాలు బలహీనంగా ఉన్న ఆటగాళ్లకి, ఆ కాలితోనే ఆడాలని షరతు పెట్టి పోటీలు నడిపేవారు. క్లాసులో వెనకబడ్డ పిల్లాడి చేత రాని లెక్కే మళ్లీ మళ్లీ చేయించడం పంతులుకి తెలిసిన పని. బడి నుంచి ఆయన మైదానానికి తెచ్చుకున్నది అది. ఫుట్‌బాల్ మాత్రం ఆయన సొంతంగా ఆడి, ఏళ్ల తరబడి చూసి సంపాదించుకున్నారు.

పి.వి. సింధు తండ్రి రమణ గారి సంగతి ఇంకా దగ్గరగా చూడాలి. ఆయన వాలీబాల్ ఆటగాడు, 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టులో ఉన్నారు, 2000లో అర్జున అందుకున్నారు. తల్లి విజయ గారిదీ వాలీబాలే. అంత ఆట తెలిసిన ఇంట్లో పిల్ల షటిల్ అంటే, "నేనున్నాను కదా" అని తండ్రి తనే రాకెట్ పట్టించలేదు. సికింద్రాబాద్ రైల్వే కోర్టుల్లో మెహబూబ్ అలీ గారి దగ్గర మొదలుపెట్టించారు, తర్వాత షటిల్ కోచ్ గోపీచంద్ దగ్గరికి పంపారు. ఆ గోపీచంద్ కూడా ఎస్.ఎం. ఆరిఫ్ గారి లాంటి గురువుల చేతుల్లో పెరిగినవాడే. రమణ గారు తన వంతు పని తను చేశారు. తెల్లవారకముందే కోర్టుకి తీసుకెళ్లారు, రియోకి ముందు రైల్వే ఉద్యోగానికి సెలవు పెట్టి వెంట నిలబడ్డారు. 2016లో రియో రజతం, 2019లో బాసెల్‌లో ప్రపంచ టైటిల్, ఆ పైన టోక్యో కాంస్యం వచ్చాయి. తనకి ఏది తెలుసో, ఏది తెలియదో ఆయనకి స్పష్టంగా తెలుసు.

నిజామాబాద్‌లో నిఖత్ జరీన్ తండ్రి జమీల్ అహ్మద్ గారూ అంతే. స్వయంగా ఆటగాడు. కూతుర్ని మొదట పరుగులో దించి తనే సాధన చేయించారు. పిల్ల మనసు బాక్సింగ్ మీదికి పోతే ఊళ్లోనే ఉన్న షంషముద్దీన్ గారికి అప్పజెప్పారు. అక్కణ్ణించి విశాఖపట్నం సాయ్ క్రీడా శిక్షణ కేంద్రంలో ఐ. వెంకటేశ్వరరావు గారి దగ్గరికి చేరింది. 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్ అయింది. పరుగు నేర్పిన తండ్రి ఇంట్లో మొదలైన పని ముగ్గురి చేతులు మారి రింగు దాకా వెళ్లింది. మా రోజుల్లో మంచి డ్రిల్లు మాస్టారి గుర్తు ఇదే. తనకి చేతనైనంత దూరం నేర్పి, ఆ పైన ఎవరి దగ్గర విద్య ఉందో వాకబు చేసి, పిల్లాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అప్పగించేవారు. ఆ తర్వాత వాడికి వచ్చే కప్పు మీద తన పేరుండదని ఆయనకి తెలుసు.

ఇప్పుడు అప్పగించే మాటే లేదు. మా పేటలో ఒక అకాడమీలో షటిల్ ఆడే పన్నెండేళ్ల పిల్ల ఉంది. పొడుగైన కాళ్లు, గెంతితే నేల మీద ఉండదు. చేత్తో రాకెట్ పట్టించడం తప్ప ఆ పిల్లకి ఇంకేదీ ఎవరూ చూపించలేదు. ఒక్క నెల హైజంప్ చేయించి చూద్దాం అని నేనడిగితే, ఫీజు ఏడాదికి కట్టారు, మధ్యలో వదలడం కుదరదు అని సమాధానం. ఆరేళ్లకే ఒక ఆటకి ముద్ర వేసి, ఏడాదంతా అదే భుజాన్ని, అదే మోకాలిని అరగదీస్తే పద్నాలుగేళ్లకి ఫిజియోథెరపీ బల్ల మీద పడుకోబెట్టాలి. మా కాలంలో వానాకాలం కబడ్డీ, చలికాలం వాలీబాల్, పరీక్షల ముందు పరుగు. ఒళ్లు తనకి కావలసిన విశ్రాంతి తనే తీసుకునేది.

ఇంక ఆట నేర్చుకోనక్కర్లేదనే రెండోవాళ్ల సంగతి. ఇంగ్లండుకి 2003 రగ్బీ ప్రపంచ కప్ గెలిపించిన సర్ క్లైవ్ వుడ్‌వర్డ్‌ని 2005లో సౌతాంప్టన్ ఫుట్‌బాల్ క్లబ్ తీసుకుంది. ఆయన తెలివిని ఎవరూ శంకించలేదు. కానీ ఫుట్‌బాల్‌లో పై అంతస్తులోనే కూర్చోబెట్టారు, కింద మెట్ల మీద గడిపే కాలం ఆయనకి దొరకలేదు. 2006లో వెళ్లిపోయారు. ఆండీ ఫారెల్ సంగతి చూడండి. అతను 13 మంది ఆడే రగ్బీ లీగ్‌లో మహా ఆటగాడు. 15 మంది ఆడే రగ్బీ యూనియన్‌కి వచ్చి ముందు ఆటగాడిగా దెబ్బలు తిన్నాడు. ఆ తర్వాత క్లబ్బులో, ఇంగ్లండ్ జట్టులో, ఐర్లండ్ జట్టులో ఇతరుల కింద సహాయకుడిగా పనిచేశాడు. అప్పుడు ఐర్లండ్‌కి ప్రధాన శిక్షకుడై 2023లో గ్రాండ్ స్లామ్ గెలిపించాడు. రెండూ రగ్బీలే అయినా అన్నేళ్లు పట్టింది, అన్నేళ్లూ ఓపిక పట్టాడు.

తన హద్దు తెలుసుకుని ఆట మారినవాళ్లూ ఉన్నారు. బేస్‌బాల్ నుంచి వచ్చిన అమెరికా మనిషి మైక్ యంగ్ ఆస్ట్రేలియా క్రికెటర్లకి ఫీల్డింగ్ నేర్పాడు. విసరడం, అందుకోవడం, బంతి మీదికి పరిగెత్తే కోణం వరకే ఆయన పని. బ్యాటు ఎలా పట్టాలో చెప్పబోలేదు. పాడీ ఆప్టన్‌దీ అదే మర్యాద. 2011 క్రికెట్ ప్రపంచ కప్ గెలిచిన మన జట్టుకి మానసిక శిక్షకుడాయన, 2024 పారిస్‌లో కాంస్యం గెలిచిన హాకీ జట్టుతోనూ పనిచేశారు. అదే ఏడాది డిసెంబరులో సింగపూర్‌లో 18 ఏళ్లకే చదరంగంలో ప్రపంచ చాంపియన్ అయిన మన తెలుగింటి కుర్రాడు దొమ్మరాజు గుకేశ్ వెనకా ఉన్నారు. గుకేశ్‌కి ఎత్తులు చెప్పడం ఆప్టన్ పని కాదు, దానికి చదరంగం కోచ్ గాజెవ్‌స్కీ ఉన్నాడు. క్రికెట్, హాకీ, చదరంగం అని మూడు ఆటలు మారినా ఆయన పని మాత్రం ఒక్కటే. అందుకే మారగలిగారు.

కాబట్టి వాలీబాల్ మాస్టారు షటిల్ నేర్పవచ్చు, కబడ్డీ మాస్టారు పరుగు నేర్పవచ్చు. కొత్త ఆట దగ్గర మళ్లీ విద్యార్థిగా కూర్చోవాలి, తనకి తెలిసిన చోటు దాటగానే పిల్లని వదలాలి. ఈ రెండూ చేయనివాడు ఒక్క ఆటలో కూడా గురువు కాడు.

ఇలాంటి మాస్టారు దొరకాలంటే ముందు బళ్లో ఆ పోస్టు ఉండాలి, ఆయన నిలబడడానికి కాస్త నేల ఉండాలి. అపార్టుమెంటు లాంటి భవనాల్లో నడిచే బళ్లకి రెండూ లేవు. గేమ్స్ పీరియడ్ టైంటేబుల్ కాగితం మీద ఉంటుంది, ఆ గంటలో లెక్కలో సైన్సో చెబుతుంటారు. వచ్చే జూన్‌లో పిల్లల్ని బళ్లో వేసేటప్పుడు ర్యాంకుల బోర్డు చూసి వెనక్కి రాకండి. గ్రౌండు ఎక్కడ, పీఈటీ సార్ ఎవరు అని అడగండి. ఆయన వారంలో పిల్లల చేత ఎన్ని రకాల ఆటలు ఆడిస్తారో ఆయన నోటితోనే చెప్పించుకోండి. అలాంటి మనిషే లేడంటే ఆ బడికి ఫీజు కట్టకండి.