పదోవాడు ఎక్కడ?

ఏరు దాటిన పరమానందయ్య శిష్యులు తలలు లెక్కపెట్టుకుంటే, లెక్కపెట్టే ప్రతివాడూ తనను తాను మరిచాడు. తుంగభద్ర ఒడ్డున మంత్రాలయంలో లాడ్జి నడిపే సావుకారు అంత అమాయకుడు కాడు. ఆయన తనను మరవడు, పదోవాణ్ణి మరుస్తాడు.

గురువారం పొద్దున వెళ్లి చూడండి. కౌంటర్లో ఇద్దరు, గదులు ఊడ్చి దుప్పట్లు మార్చేవాళ్లు నలుగురు, వంటాయన, వడ్డించేవాళ్లు ఇద్దరు, వాచ్‌మన్, గిన్నెలు తోమే అవ్వ. రిజిస్టర్లో మాత్రం తొమ్మిది పేర్లే.

"ఉండేది తొమ్మిది మందే కదప్పా!"

మరి ఆ అవ్వ? "మా ఊరామె, ఊరికే వచ్చిపోతాంటాది." వాచ్‌మన్? "వాడు మాకు తమ్ముని వరస." శ్రావణంలో రాయరి (రాఘవేంద్రస్వామి) ఆరాధనకు ఇంకో పదిమంది వచ్చి చేరినా, ఆ తొమ్మిది తొమ్మిదిగానే ఉంటుంది. మఠంలో రాయరిది జీవసమాధి, రిజిస్టర్లో పనివాళ్లది కూడా అదే.

పది అంకె మీద ఇంత భయం ఎందుకంటే, ఉద్యోగుల బీమా పథకం ఈఎస్‌ఐ ఆ అంకె దగ్గరే తలుపు తడుతుంది. ఒకసారి లోపలికి వచ్చిందంటే, తర్వాత మనుషులు తగ్గినా బయటికి పోదు. పదివేల జీతగాడికి నెలకు యజమాని కట్టాల్సింది 325 రూపాయలు, పనివాడిది 75. గురువారం రాత్రి 325కి లాడ్జి గది దొరికితే నాకూ చెప్పండి. ఆ డబ్బుతో కుటుంబానికంతా వైద్యం, జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతం, కాన్పుకు 26 వారాల సెలవు జీతం.

"ఆరోగ్యశ్రీ ఉంది కదా, ఇది దేనికి?" అంటారు. 2007లో మొదలైన ఆ పథకం, ఇప్పుడు పేరు మారి ఎన్టీఆర్ వైద్యసేవ, గుండెకు స్టెంట్ వేయిస్తుంది, కాదనను. పదిరోజులు జ్వరంతో పడుకున్న వాచ్‌మన్‌కు ఆ కార్డు జీతం ఇవ్వదు. ఇక ప్రైవేటు పాలసీ. 2025 సెప్టెంబరులో వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. గిన్నెలు తోమే అవ్వకు ఎంత మేలు! మిద్దె లేనోడికి లిఫ్టు ఉచితం.

ముగ్గురితో నడిచే తులసిమాలల అంగడి వైపైతే ఈఎస్‌ఐ తనంతట తాను తలతిప్పి కూడా చూడదు.

ఈసారి దర్శనానికి వెళ్తే, గది ఖాళీ చేసేముందు ఒకసారి తలలు లెక్కపెట్టండి. గిన్నెలు తోమే అవ్వతో మొదలుపెట్టండి.