పార్కింగ్ రొట్టె

మా బామ్మర్ది మిలాన్ పోయొచ్చాడు. ఇటలీలో పెద్ద ఊరు. వాడు దిగిన రోజు ఇంటిల్లిపాదీ చుట్టూ చేరాం. "అక్కడ పెద్ద చర్చి ఉందంట గదా, ఎట్టా ఉందిరా?" అని మా అత్తగారు అడిగింది. "దాని దగ్గర్లో కారు పెట్టనియ్యరమ్మా" అన్నాడు. అద్దె కారు తీసుకున్నాడు పాపం. పది రోజుల యాత్రలో వాడికి గుర్తున్నవన్నీ కారు పెట్టిన చోట్లే.

"బావా, అక్కడ రోడ్డు వారన గీతలుంటాయి. తెల్ల గీతల్లో ఊరికే పెట్టుకోవచ్చు. నీలం గీతల్లో గంటకింతని కట్టాలి. పసుపు గీతలు ఆ వీధిలో కాపురం ఉండేవాళ్లకి. వాటిల్లో మనం పెట్టకూడదు."

"పెడితే?"

"పెట్టరు బావా."

నాకు అర్థం కాలేదు. "పెట్టరు, సరే. పెడితే?" అని మళ్లీ అడిగాను. వాడు జాలిగా చూసి మాట మార్చాడు.

ఊరి నడిబొడ్డు చుట్టూ ఒక వలయం గీసి, దానికి ఏరియా సీ అని పేరు పెట్టారట. 2012 జనవరిలో మొదలైంది. పనిరోజుల్లో పగటిపూట కారుతో ఆ గీత దాటితే 5 యూరోలు. 2023లో దాన్ని 7.5 చేశారు. ఇది లోపలికి వచ్చినందుకు మాత్రమే. లోపలికొచ్చి ఆగినందుకు మళ్లీ వేరే.

"మరి నువ్వేం చేశావురా?"

"ఊరి చివర కషీనా గొబ్బా అని ఒక మెట్రో స్టేషనుంది బావా. అక్కడ కారు పెట్టి రైలెక్కి పోయొచ్చా."

గొబ్బా అనగానే సంక్రాంతి గొబ్బెమ్మ అనుకుని మా అత్తగారు రెండు చేతులూ జోడించింది. నేనూ జోడించాను. కారు పెట్టుకోను చోటిచ్చే తల్లి ఏ పేరుతో వెలిసినా మొక్కాల్సిందే.

ఆ ఊరికి కారేసుకుని వచ్చేవాళ్ల కోసం గైడ్లు రాసి పెట్టారట: ఎక్కడ ఆగాలి, ఎంత కట్టాలి, ఎక్కడ ఆగకూడదు. నాకు రోషం వచ్చింది. మనది మాత్రం చిన్న ఊరా? 1884లో మునిసిపాలిటీ అయింది, 2004లో కార్పొరేషన్ అయింది. చెన్నై నుంచి హైవే మీద మూడు గంటల్లో నెల్లూరు చేరుకుంటారు. నాలుగో గంట ట్రంకు రోడ్డులో బండి పెట్టను చోటు వెతకడానికి పోతుంది. అట్టా వచ్చేవాళ్ల సౌకర్యార్థం ఈ గైడు.

మొదట గీతల సంగతి. మిలాన్‌లో ఉన్న మూడు రంగులూ మన దగ్గరా ఉన్నాయి, కాకపోతే గీతల రూపంలో లేవు. తెలుపు అంటే షాపు ముందు సున్నం కొట్టి వరసగా పెట్టిన రాళ్లు. పసుపు అంటే పొద్దున్నే గుమ్మం ముందు నీళ్లు చల్లి పసుపు రంగుతో వేసిన ముగ్గు. మునిసిపల్ రోడ్డు ఇంటివాళ్ల ఖాతాలోకి మారినట్టు అదే దస్తావేజు. నీలం అంటే ప్లాస్టిక్ డ్రమ్ము.

ఈ నీలం డ్రమ్మును దగ్గరికి పోయి చూడాలి. సగం దాకా ఇసుక ఉంటుంది. ఆ ఇసుకలో ఒక ఇనప గొట్టం, గొట్టానికి ఒక రేకు, రేకు మీద ఎర్ర రంగులో "నో పార్కింగ్", దాని కింద ఇంకా చిన్న అక్షరాల్లో "మీరినచో గాలి తీయబడును". కర్మణి ప్రయోగం తెలుగుకి అంత సహజం కాదని మా తెలుగు మాస్టారు చెప్పేవారు. ఆయన ఈ బోర్డు చదివుండరు. గాలి ఎవరు తీస్తారో చెప్పకుండా గాలి తీయించే సౌకర్యం ఇంకే ప్రయోగంలోనూ లేదు. మీరు తిరిగొచ్చేసరికి టైరు నేలకంటుకుని ఉంటుంది. షాపాయన్ని అడిగితే "నాకేం తెలుసన్నా" అంటాడు. వ్యాకరణం ప్రకారం ఆయన చెప్పేది నిజమే, ఆ వాక్యంలో కర్త లేడు.

రెండోది ఆసుపత్రుల పేట, పొగతోట. జిల్లాలో ఎవరికి ఏ జబ్బు చేసినా ఈ వీధులకే రావాలి. తండ్రికి గుండెల్లో నొప్పని కొడుకు కారులో తెస్తాడు. తండ్రిని గేటు దగ్గర దించి, "నువ్వు పోతా ఉండు నాయనా, బండి పెట్టొస్తా" అంటాడు. పెద్దాయన చీటీ రాయించుకుని, ఈసీజీ తీయించుకుని, గ్యాసు నొప్పేనని చెప్పించుకుని, మందులు కొనుక్కుని బయటికొస్తాడు. కొడుకు ఇంకా తిరుగుతూనే ఉంటాడు. ఇప్పుడు తండ్రి కొడుకుని లోపలికి తీసుకుపోవాలి, బీపీ చూపించడానికి.

ఇక అసలైన చోటు, సెల్లారు. దీని గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి.

సెల్లారు పుట్టేది ప్లానులో. కార్పొరేషన్‌కిచ్చిన పటం తీసి చూడండి. నేల కింద పెద్ద హాలు, అందులో నంబర్లేసిన గళ్లు, గడికొక కారు బొమ్మ. ఒకదాని మూతి ఇంకోదానికి తగలకుండా, అన్నీ ఒకే వైపు చూస్తూ, బడిపిల్లల్లా నిలబడి ఉంటాయి. నెల్లూరులో పద్ధతిగా పెట్టిన కార్లను చూడాలని ఎవరికైనా కోరికుంటే ఆ పటాల్లో చూడాల్సిందే. అనుమతి వస్తుంది, బిల్డింగు లేస్తుంది. మొదటి నెల సెల్లార్లో సిమెంటు బస్తాలు. రెండో నెల వాచ్‌మన్ మంచం. మూడో నెల జిరాక్స్ మిషను. ఆ తర్వాత మందుల షాపు, ల్యాబు, దోసెల పెనం. కార్లు దిగాల్సిన ర్యాంపు మీద రెండు మెట్లు కట్టి, మెట్ల మీద కొబ్బరి బోండాలు పోస్తారు.

మా ఆవిడకి స్కానింగు తీయించాలని ఈ మధ్య అట్టాంటి ఒక కాంప్లెక్సుకి పోయాను. ముప్పావుగంట తిరిగి, బండిని పక్క వీధిలో కాలవ మీద బండ రాళ్లపై పెట్టి, చెమటలు కక్కుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడ్డాను. "ఇంత పెద్ద బిల్డింగు కట్టి సెల్లారు పెట్టుకోలేదేందయ్యా?" అని వాచ్‌మన్‌ని అడిగాను. "ఎందుకు లేదు సార్? మీరు కూర్చోనుండేది సెల్లార్లోనే" అన్నాడు. చుట్టూ చూశాను. రిసెప్షను, టీవీ, చల్లటి ఏసీ. నా కుర్చీ పక్క స్తంభం మీద, సున్నం కింద నుంచి, పాత అంకె ఒకటి మసగ్గా కనిపిస్తోంది: 12. పన్నెండో నంబరు కారు నిలబడాల్సిన చోట నేను కూర్చున్నాను. కారేమో రోడ్డు మీద నా కోసం ఎదురుచూస్తోంది. ఇంత బతుకూ బతికి, చివరికి నన్ను నేనే సరిగ్గా పార్కు చేసుకున్నాను.

ప్రభుత్వం చూస్తూ ఊరుకుందని కాదు. ప్లాను దాటి కట్టిన కట్టడాలకు జరిమానా కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం 2007 చివర్లో ఒకసారి వచ్చింది, 2015లో ఇంకోసారి వచ్చింది. కట్టేటప్పుడు తప్పు, డబ్బు కట్టాక ఒప్పు. మాల్స్‌లో పార్కింగ్ దోపిడీ మీద తెలంగాణ 2018లో జీవో ఇచ్చింది. మన రాష్ట్రం కూడా 2025 ఏప్రిల్ నుంచి మొదటి అరగంట ఉచితం అంది. మంచిదే. ఆ అరగంటలో కారు కిందికి దించి, లిఫ్టు కోసం నిలబడి, దిగి, మళ్లీ కారు పైకి తేగలిగితే పైసా ఖర్చుండదు. షాపులోకి పోవడం ఒక్కటే కుదరదు.

చట్టమూ ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో, బండ్లు ఎక్కడ ఆపుకోవాలో ప్రభుత్వం చోటు చూపించొచ్చని 117వ సెక్షను చెబుతుంది. అడ్డంగా, ప్రమాదంగా వదిలి పోకూడదని 122 చెబుతుంది. వదిలిపోతే ఎత్తుకుపోవచ్చని 127 చెబుతుంది. చట్టం రాసినవాళ్లకి వరస తెలుసు. అమలు చేసే మనం మాత్రం ఉర్దూ పుస్తకంలా వెనక నుంచి మొదలెట్టాం. 127 దాకా వచ్చి నలభై ఏళ్లు కావస్తోంది, 117 ఇంకా రావాల్సి ఉంది.

ఇదంతా కార్లతో వచ్చిన తంటా అనుకుంటే పొరపాటు. క్రీస్తుకి పూర్వం 45 ప్రాంతంలోనే జూలియస్ సీజర్ రోము వీధుల్లో పగటిపూట బండ్లు తిరగకూడదన్నాడు. దాంతో బండ్లన్నీ రాత్రిపూట కదిలాయి. ఆ చప్పుడుకి ఊళ్లో డబ్బున్నవాడికి తప్ప ఎవడికీ నిద్ర లేదని జువెనాల్ అనే రోమన్ వ్యంగ్య కవి తర్వాత వాపోయాడు. ఈ కాలమ్ రాసేవాడికి అదొక్కటే ఊరట. రెండు వేల ఏళ్ల నుంచి బండ్లకి చోటు లేకపోయినా బండ్ల మీద రాసేవాళ్లకి చోటుంది.

మన కోస్తా ఎద్దులు నయం. బ్రెజిల్ పోయాయి. అక్కడ ఆ జాతికి మన ఊరి పేరే పెట్టుకుని, నెలోరె అని పిలుచుకుంటూ, కనుచూపు మేర బీళ్లలో మేపుకుంటున్నారు. ఇక్కడ మిగిలిన వాటి బంధువులు డివైడరు పక్కన, సరిగ్గా నడిరోడ్డున, టోకెను లేకుండా పడుకుంటాయి. వాటికి మాత్రం ఎవరూ గాలి తీయరు.

అసలు మనకి పార్కింగు తెలీదని ఎవరన్నారు? మా చిన్నప్పుడు నెల్లూరు సినిమా హాళ్లలో సైకిల్ స్టాండు ఉండేది. స్టాండాయన అట్టముక్క టోకెను చింపి సగం హ్యాండిల్‌కి కట్టేవాడు, సగం మన చేతిలో పెట్టేవాడు. ఆట వదిలాక జనం మీద పడుతుంటే, అంకె పిలిచిన వెంటనే ఆ చీకట్లో మన సైకిలు మన ముందుకొచ్చేది. టోకెను పోగొట్టుకున్నవాడు హాలంతా ఖాళీ అయ్యేదాకా గోడ పక్కన నిలబడాలి, చివరికి మిగిలిన సైకిలు వాడిది. కంప్యూటరు లేదు, కెమెరా లేదు. ఉన్నదల్లా బండికొక చోటు, చోటుకొక మనిషి. హాళ్లు కాంప్లెక్సులయ్యాయి, ఆ మనిషి పోయాడు.

ఊళ్లో దొరక్కపోతే సముద్రం దగ్గరైనా దొరుకుతుందని మైపాడుకి పోయాను. పాతిక కిలోమీటర్లు. అక్కడ చోటుకేం కొదవ, శ్రీహరికోట దాకా ఇసకే. ఆశపోతుతనంతో కారుని నేరుగా అలల దగ్గరికి దించాను. గేరు మార్చే లోపల నాలుగు చక్రాలూ ఇసకలో కూరుకుపోయాయి. వలలు బాగు చేసుకుంటున్న పెద్దాయన లేవకుండానే తల తిప్పి చూశాడు. "ఎందుకు దింపినావబయా అంత కిందికి?" అన్నాడు. "పార్కింగు కోసం" అన్నాను. "అయితే పని జరిగింది గదా. ఇంక యాడికీ పోదు" అన్నాడు. ట్రాక్టరు వచ్చి లాగేదాకా, సూర్యుడు వెనక దిగిపోయేదాకా, నా జీవితంలో అంత నిశ్చింతగా కారు ఎప్పుడూ నిలబడలేదు.

ఇన్ని చోట్లూ తిరిగాక చివరికి బారాషహీద్ దర్గాకి పోయాను. నెల్లూరు వాళ్లం అంతే, అన్ని ఆఫీసులూ అయ్యాక అక్కడికే పోతాం. పన్నెండుమంది అమరుల సమాధులు, పక్కన స్వర్ణాల చెరువు. మొహర్రం నెలలో రొట్టెల పండగ. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇల్లు రొట్టె, విదేశాల రొట్టె. కోరిక ఉన్నవాళ్లు చెరువులో నిలబడి రొట్టె తీసుకుంటారు. తీరినవాళ్లు మరుసటేడు అదే రొట్టె చేసుకొచ్చి ఇంకొకరికి ఇస్తారు. ఏ మతమని ఎవరూ అడగరు.

ఆ అయిదు రోజులూ ఊరిని చూడాలి. ఏ దారిన వచ్చే బండ్లు ఏ మైదానంలో ఆగాలో ముందే పేపర్లో వేస్తారు. బాణం గుర్తులు, తాళ్లు, విజిళ్లు, దారి చూపే కుర్రాళ్లు. లక్షల్లో జనం వస్తారు, పోతారు. అంటే మనకి చేతకాక కాదు. ఏడాదిలో అయిదు రోజులు చేతనవుతుంది. మిగిలిన మూడొందల అరవై రోజులకీ రొట్టె తీసుకోవాలి.

అందుకే పోయిన పండక్కి మోకాటి లోతు నీళ్లలో నిలబడి, "పార్కింగ్ రొట్టె... పార్కింగ్ రొట్టె..." అని పిలిచాను. ఇచ్చేవాళ్లు రాలేదు. నా వెనక మాత్రం లైను మొదలైంది. పది మంది, ఇరవై మంది, తర్వాత లెక్కపెట్టడం మానేశాను. అందరి చేతుల్లో కారు తాళాలు.

చాలాసేపటికి ఒక పెద్దాయన నీళ్లు తోసుకుంటూ వచ్చాడు. "నీకేనా అబయా? ఇందా. నా కోరిక తీరింది."

లైనంతా ఊపిరి బిగబట్టింది. "పోయినేడు ఈ రొట్టె ఎవరిచ్చారు పెద్దాయనా?"

"అప్పుడీ పేరుతో రొట్టె లేదులే. ఇల్లు రొట్టె తీసుకుని, మా కారుకి ఇల్లు కావాలని తలుచుకున్నా."

"యాడ దొరికింది చోటు? ట్రంకు రోడ్డా? పొగతోటా?"

"చోటు యాడ దొరికింది అబయా" అన్నాడు రొట్టె తుంచి నా చేతిలో పెడుతూ. "కారమ్మేశా."

సగం రొట్టె చేతిలో పట్టుకుని వెనక్కి తిరిగి చూశాను. లైనులో ఒక్కడూ లేడు. చెరువు గట్టు మీద ఇంజన్లు స్టార్టవుతున్న చప్పుడు వినిపిస్తోంది.