ఇంటికి నెలలు నిండాయి

నెలలు నిండుతున్న అమ్మాయి ఉన్న ఇంట్లో గృహప్రవేశం పెట్టుకోకూడదట. అద్దె ఇల్లు మారకూడదట. శంకుస్థాపన అసలే కూడదట. ఆ అమ్మాయి మొగుడు చెట్టు కొట్టకూడదు, సముద్రంలో మునగకూడదు, శవం మోయకూడదు, కొబ్బరికాయ కొట్టకూడదు. కొన్ని ఇళ్లలో క్షవరం కూడా బంద్. కడుపు ఆవిడది, గడ్డం ఆయనది.

బరువులెత్తకే అని అమ్మమ్మలు అంటూనే ఉంటారు, కాదనను. కానీ అది వట్టి సలహా. నిండు గర్భిణి బిందె ఎత్తితే దోషం లేదు, దానికి శాంతి లేదు, దక్షిణ అంతకంటే లేదు. ఇరవై మంది చుట్టాలకు ఆమె వండి వార్చినా ఏ గ్రహమూ కదలదు. అదే ఆమె కొత్త ఇంటి గడప తొక్కితే మాత్రం నవగ్రహాలూ లేచి కూర్చుంటాయి.

ఎందుకండీ అని అడిగి చూడండి. ఒకాయన వాస్తు పురుషుడి పేరు చెబుతాడు. ఇంకొకావిడ గొంతు తగ్గించి, కొత్త ఇల్లు ఏదో ఒకటి కోరుకుంటుందమ్మా, ఆ మాట పైకి అనకూడదు అంటుంది. ఇక ప్రతి కుటుంబంలోనూ ఇంజినీరింగ్ చదివి, అమెరికాలో ఐదేళ్లు ఉండి వచ్చిన బాబాయి ఒకడుంటాడు. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ "మన పూర్వీకులు ఇదంతా సైంటిఫిక్‌గా ఆలోచించే పెట్టారమ్మా" అంటాడు. ఆ సైన్స్ ఏమిటో చెప్పేలోపు ఆయనకు ఫోను వస్తుంది. ఎప్పుడూ అంతే.

నియమం గట్టిదే. కానీ బ్యాంకు దానికంటే గట్టిది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. మధ్యలో గురు మూఢం ఒకటి, శుక్ర మూఢం ఒకటి. ఖర్మ కాలితే అధికమాసం. ఇవన్నీ తీసేసి మిగిలిన రోజుల్లో అమ్మాయి కడుపుతో ఉండకూడదు, బిల్డర్ తాళాలు ఇచ్చి ఉండాలి. ఉగాదికి ఇస్తానన్న బిల్డర్ దసరాకి ఇస్తాడు, అప్పటికి కోడలికి ఎనిమిదో నెల. ఒక చేత్తో అద్దె, ఇంకో చేత్తో ఈఎంఐ కడుతున్న కొడుకు ముఖం చూసి పంతులుగారికి ధర్మసూక్ష్మం తడుతుంది. "పీటల మీద మీ అమ్మానాన్నల్ని కూర్చోబెట్టండి, దోషం ఉండదు." ఇంకో పంతులుగారు "పాలు మాత్రం పొంగించేయండి, వ్రతం పురుడయ్యాక చూసుకుందాం" అంటారు. ఐదో నెల దాటకపోతే ఫర్వాలేదని ఒకరు, ఐదో నెల దాటితేనే ఫర్వాలేదని ఒకరు. వాస్తు పురుషుడు ఎంత సర్దుకుపోయే మనిషో ఇలాంటప్పుడే తెలుస్తుంది. నిజానికి ఇంత ఉదారంగా మన అత్తగార్లు కూడా ఉండరు.

కూకట్‌పల్లి వైపు అలా సర్దుబాటు చేసుకున్న గృహప్రవేశం ఒకటి చూశాను. నాలుగో అంతస్తు. లిఫ్టుకి ఇంకా కరెంటు ఇవ్వలేదు. ఆవునీ దూడనీ మెట్ల మీదుగా ఎక్కించాలి. ఆవును తోలుకొచ్చినతను "మెల్లగా సార్, చూడి మీదుంది" అన్నాడు. అంతే, ఇంటిల్లిపాదీ కదిలిపోయారు. ఒకాయన మెట్ల మీద గోనెపట్టాలు పరిచాడు, జారకుండా. ఇద్దరు వెనక నుంచి అండగా నిలబడ్డారు. రెండో అంతస్తులో ఆపి, బకెట్టుతో నీళ్లు పట్టారు. చూడావు ఇంట్లో అడుగు పెట్టడం మహా శుభమని పెద్దావిడ కళ్లనీళ్లు పెట్టుకుని, దాని నుదుట పసుపు రాసింది. ఆ ఇంటి కోడలు కింద సెల్లార్‌లో వాచ్‌మన్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఆమెకూ ఎనిమిదో నెలే. తంతు అయ్యాక పిలుస్తామన్నారు. పిలిచారు కూడా, భోజనాల దగ్గర వడ్డనకి మనుషులు తక్కువయ్యారని. ఆ నాలుగు అంతస్తులూ ఆమె ఎక్కేటప్పటికి గోనెపట్టాలు తీసేశారు.

ఇల్లు మారకూడదనే ఈ పెద్దలే ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయిని పుట్టింటికి పంపుతారు. తొలిచూలు పురుడు అక్కడే పోయాలి మరి. సూడిదలు తెచ్చి, చలిమిడి పెట్టి, ఒడి నింపి, హైదరాబాదులో బస్సెక్కిస్తే శ్రీకాకుళం ఏడు వందల కిలోమీటర్ల పైమాటే. గర్భిణి నది దాటకూడదన్న మాట రాజమండ్రి వంతెన మీద గోదావరిలో రూపాయి బిళ్ల వేస్తే చెల్లిపోతుంది కాబోలు. మంచం మారింది, నీళ్లు మారాయి, డాక్టరు మారింది, ఊరే మారింది. దీన్ని ఇల్లు మారడం అనరు, ఎందుకంటే ఇందులో కొత్త ఇంటికి ఏ నష్టమూ లేదు. అమ్మ దగ్గర నాలుగు రోజులు కాళ్లు చాపుకుని పడుకునే ఆ సుఖాన్ని నేను తప్పుపట్టను. ఆ ప్రయాణానికి లేని దోషం రెండు వీధుల అవతల కొత్త ఫ్లాటుకి ఎలా పట్టిందన్నదే నా ప్రశ్న.

అంతెందుకు, సీతమ్మ సంగతే చూడండి. నిండు గర్భిణిని రథం ఎక్కించి, పడవలో గంగ దాటించి, అడవిలో దించి వచ్చారు. 1963లో 'లవకుశ' రంగుల్లో వచ్చినప్పటి నుంచి తెలుగువాళ్లం ఆ ఘట్టం దగ్గర తనివితీరా ఏడుస్తూనే ఉన్నాం. ఆ ఇల్లు మారడానికి ముహూర్తం ఎవరు పెట్టారని మాత్రం ఒక్కరమూ అడగలేదు.

సరే, అద్దె ఇళ్లకు వద్దాం. ఇంటి ఓనరుగారు ముందు కులం, తర్వాత కోడిగుడ్డు, ఆ తర్వాత కడుపు అడుగుతారు. "ఎన్నో నెలమ్మా?" అని ఎంత ఆప్యాయంగా అంటారో! "పురుడు పుట్టింట్లోనేగా?" అనేది రెండో ప్రశ్న. అసలు ప్రశ్న అదే. పురిటి మైల తన ఇంటికి అంటకూడదు. అగ్రిమెంటు పదకొండు నెలలకే రాస్తారు, రిజిస్ట్రేషన్ గొడవ లేకుండా. కొత్త దంపతులు చేరిన నెలలోనే కడుపు పండితే, అగ్రిమెంటు తీరే నాటికి బాలింత, పసిగుడ్డు, పెరిగిన అద్దె. ఖాళీ చేయమంటే చేయాల్సిందే. అప్పుడు గర్భిణి ఇల్లు మారకూడదన్న శాస్త్రం ఓనరుగారికి గుర్తుకు రాదు. బాలింత సంగతి సరేసరి.

మారే రోజు చోద్యం ఇంకోటి. "నువ్వేం ముట్టుకోకమ్మా, కూర్చుని చెప్పు చాలు" అంటారు అందరూ. వినడానికి ఎంత బాగుంటుంది! "వదినా, పోపులపెట్టె దేంట్లో పెట్టావు?" "అమ్మాయ్, గ్యాసు రెగ్యులేటరేదీ?" "ఏమోయ్, నా చార్జరు?" కూర్చున్న మనిషి పదిసార్లు లేచి చూపించాల్సిందే, ఎందుకంటే ఆ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో తెలిసిన మనిషి ఆవిడొక్కతే. అందరూ కలిసి జాగ్రత్తగా సర్దింది దేవుడి పటాలు. ఉప్పు, పసుపు, చీపురు ముందు వెళ్లాలని వాటికి వేరే ఆటో మాట్లాడారు. ఆసుపత్రి ఫైలు మాత్రం అట్టపెట్టెలో అడుగున, ఇడ్లీపాత్ర కింద, మినప్పప్పు డబ్బా పక్కన లారీ ఎక్కింది. ఆ రాత్రి నొప్పులొచ్చాయి. దొంగ నొప్పులే, తెల్లారేసరికి సర్దుకున్నాయి. కానీ ఆ గంటసేపు ఇంటిల్లిపాదీ స్కానింగు కాగితాల కోసం పెట్టెలు చింపుతుంటే, ఆవిడ గోడ పట్టుకుని నిలబడి "దాని మీద కిచెన్ అని రాసుంటుంది" అని దారి చెబుతోంది.

బాబాయిగారి సైన్స్‌కి ఒక్క అవకాశం ఇద్దాం. పాత రోజుల్లో నిజంగానే కారణం ఉండి ఉండొచ్చు. తెలిసిన మంత్రసాని పక్క వీధిలో ఉండగా, సున్నం ఆరని చెమ్మ గోడల మధ్యకు నిండు చూలాలిని తీసుకుపోవడం తెలివైన పని కాదు. మరి ఆ తెలివిని ఈ కాలానికి తర్జుమా చేస్తే ఏమనాలి? ఎనిమిదో నెలలో ఆసుపత్రి మార్చకండి అనాలి. మారక తప్పకపోతే మాతాశిశు కార్డు, రక్తం గ్రూపు కాగితం చేతిసంచిలో పెట్టుకోండి, కొత్త వీధిలో ఆశా కార్యకర్త ఎవరో కనుక్కోండి, రాత్రివేళ 108 బండి ఆ సందులో తిరుగుతుందో లేదో చూసుకోండి అనాలి. చివరి నెలల్లో కీళ్లు వదులై తూకం తప్పుతుంది, స్టూలెక్కి కర్టెన్లు కట్టనివ్వకండి అనాలి. పాత ఇంటి గోడలు గీకిస్తుంటే ఆ దుమ్ములో ఆమెను ఉంచకండి అనాలి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని మన దేశంలో రూలు వచ్చిందే 2016లో, కింది పొరల్లో ఏముందో వేసినవాడికే తెలియాలి. ఇవేవీ ఏ ముహూర్త పత్రికలోనూ ఉండవు. వీటికి శాంతి చేయించడం కుదరదు మరి.

ముహూర్తం అంటే గుర్తొచ్చింది. బిడ్డ కడుపులో ఉండగా ఇల్లు కదలకూడదు గానీ, ఇంటి కోసం బిడ్డ కదలొచ్చు. శ్రావణంలో గృహప్రవేశం అనుకున్నాక, పురిటి మైల తీరాలి గనక బిడ్డ ఫలానా తేదీకల్లా బయటికి రావాలి. అదే పంతులుగారు ఘడియలతో సహా రాసిస్తారు, డాక్టరుగారు కత్తి పట్టుకుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కాన్పుల్లో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5. ఇదంతా పంచాంగం పుణ్యమేనని అనను, బిల్లుల పుణ్యం అంతకంటే ఎక్కువే. కానీ మంచి ఘడియ చూసుకుని కోయించుకున్న కాన్పు మీ చుట్టాల్లో ఒక్కటీ లేకపోతే నాకు చెప్పండి, ఆ వంశానికి ఓ దండం పెట్టుకుంటాను.

ఇక అసలు ఇల్లు కట్టిన వాళ్లున్నారు. పాలమూరు నుంచో, ఒడిశా నుంచో వచ్చి, పునాది తీసినప్పుడు రేకుల షెడ్డులో, శ్లాబు పడ్డాక సెల్లార్‌లో కాపురం పెట్టి, రంగులు వేసే వేళకు ఇంకో సైటుకి మూటాముల్లె సర్దుకునేవాళ్లు. వాళ్ల ఆడవాళ్లకూ నెలలు నిండుతాయి. నిండిన నెలల్లోనే ఇసుక తట్ట నెత్తిన పెట్టుకుని మూడంతస్తులు ఎక్కుతారు. భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లోనే వచ్చింది, అందులో ప్రసూతి సాయం మాట కూడా రాశారు, పేరు నమోదైన వాళ్లకి. మేస్త్రీ మారినప్పుడల్లా ఇల్లు మారే మనిషి పేరు ఎక్కడ నమోదవుతుంది? ఇంటిని అడ్డంగా, నిలువుగా కొలిచి, ఈశాన్యం రెండంగుళాలు తగ్గిందని గోడ పడగొట్టించిన వాస్తు సిద్ధాంతి కూడా, తట్టతో ఎదురొచ్చిన ఆ గర్భిణికి దారి ఇచ్చి పక్కకు తప్పుకున్నాడే తప్ప, గృహారంభంలో చూలాలేమిటని అడగలేదు. పాలు పొంగించే గర్భిణితో వచ్చే దోషం ఇటుకలు మోసే గర్భిణితో రాదన్నమాట.

రెండేళ్లు కట్టిన అపార్ట్‌మెంటు. ఆ రెండేళ్లలో ఆ సెల్లార్‌లో ఒక కాన్పు జరగకుండా ఉంటుందా? మీరిప్పుడు కారు పెట్టుకుంటున్న చోటే చీర కట్టి ఉయ్యాల వేసి ఉంటారు. పంతులుగారూ, ఆ పురిటి మైల ఎన్ని ఫ్లాట్లకి, ఎన్నాళ్లు పట్టాలో కాస్త లెక్కగట్టి చెప్పండి. అది తేలేదాకా మా కోడల్ని వాచ్‌మన్ కుర్చీలోంచి లేపి పైకి తీసుకెళుతున్నాం.