హెవీ మెటల్‌లో మన వాటా సున్నా

పార్లమెంటు సాక్షిగా తేలిపోయింది. విశాఖ ఉక్కులో రాష్ట్రానికి ఒక్క షేరు కూడా లేదు. ఉన్న నూరు శాతం కేంద్రానిదే కాబట్టి నూరు శాతమూ అమ్మేస్తారు, అవసరమైనచోట రాష్ట్రాన్ని సంప్రదిస్తారు. 2021 మార్చి 8న ఆర్థికమంత్రి లోక్‌సభకు రాసిచ్చిన జవాబు సారాంశం ఇంతే. అవసరమైనచోట అంటే ఎక్కడో చెప్పలేదు. బహుశా కూర్మన్నపాలెంలో కార్మికుల దీక్షా శిబిరం ఎత్తించడానికి పోలీసులు కావలసినచోట అయివుంటుంది. ఇక దీన్ని ఫ్యాక్టరీ అని వాదించి లాభం లేదు. ఫ్యాక్టరీ అన్నామో, లాభనష్టాల చిట్టా తీసి ముఖాన పెడతారు. కాబట్టి విశాఖ ఉక్కును తక్షణం రాక్ ఆల్బమ్‌గా గుర్తించాలని నా మనవి. బ్యాలెన్స్ షీట్ చూసి ఆల్బమ్‌ను ప్రేమించినవాడు లోకంలో లేడు. చప్పట్లు కొట్టేవాడిని నీకెన్ని షేర్లున్నాయని అడిగిన బ్యాండూ లేదు.

నవ్వొస్తే నవ్వండి గానీ చరిత్ర నా పక్షానే ఉంది. హెవీ మెటల్ పుట్టింది బర్మింగ్‌హామ్‌లో, ఫ్యాక్టరీల మధ్య పెరిగిన కుర్రాళ్ల చేతుల్లో. బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వెళ్లిన ఆఖరి రోజునే ప్రెస్సు కింద కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని, సన్నటి తీగలు బిగించి, మళ్లీ వాయించాడు. ఆ బృందం తొలి ఆల్బమ్ 1970 ఫిబ్రవరిలో వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో విశాఖకు ఉక్కు కర్మాగారం ప్రకటించారు. అంటే ఇద్దరిదీ ఒకే ఈడు. మరో పదేళ్లకు జూడాస్ ప్రీస్ట్ అనే మెటల్ బృందం ఏకంగా బ్రిటన్ ప్రభుత్వ ఉక్కు సంస్థ పేరునే ఎత్తుకుని ‘బ్రిటిష్ స్టీల్’ అని ఆల్బమ్ వేసింది. అది విడుదలైన 1980 ఏప్రిల్‌లోనే అక్కడి ఉక్కు కార్మికుల పదమూడు వారాల సమ్మె ముగిసింది. అందులో ‘మెటల్ గాడ్స్’ పాట వినండి. ఇనుప మనుషులు కవాతు చేస్తున్నట్టు వినబడే ఆ చప్పుడు కోసం పాపం వాళ్లు స్పూన్లూ ఫోర్కులూ ఉన్న ట్రేను గలగలలాడించి రికార్డు చేసుకున్నారు.

మన ఆల్బమ్‌కు ఆ స్పూన్ల అవస్థ లేదు. డ్రమ్ముల దగ్గర గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అని ముగ్గురున్నారు. హెవీ మెటల్‌కు పేర్లు కాస్త సాత్వికమే అయినా, బ్లాస్ట్ ఫర్నేస్ అడుగున బెజ్జం తొలిచినప్పుడు నిప్పురవ్వలు చిమ్ముతూ కరిగిన ఇనుము కాలువల్లో పరుగెత్తి టార్పెడో బండ్లలోకి దూకే దృశ్యం ముందు ఏ స్టేజీ లైటింగూ నిలవదు. ఈ డ్రమ్మర్లకు విరామం కూడా ఉండదు. కొలిమి చల్లారితే మళ్లీ వెలిగించడం తలకు మించిన పని, అందుకే పండగనాడూ గాలి ఊదుతూనే ఉండాలి. ఇక రికార్డింగ్ సంగతి. పల్లవి కట్టింది 1966లో జనం. కర్మాగారం కావాలని అమృతరావు నిరాహార దీక్షకు కూర్చున్నది ఆ ఏడాదే. 1971లో శంకుస్థాపన రాయి పడింది, గోదావరి వెలిగింది 1990లో. పల్లవికీ తొలి దెబ్బకూ మధ్య ఇరవై నాలుగేళ్లు! ఇంత తీరిగ్గా రికార్డు చేయించిన కంపెనీ 2021లో అమ్మకానికి మాత్రం తెగ తొందరపడింది.

ఆల్బమ్ సరే, నష్టాల మాటేమిటంటారు. నష్టాలున్నాయి, కాదనను. 2002 తర్వాత దశాబ్దం పైగా లాభాలు తెచ్చిందీ ఈ సంస్థే, నవరత్న హోదా ఇచ్చిందీ దీనికే. టాటాకు సొంత ఇనుప గనులున్నాయి, సెయిల్‌కు ఉన్నాయి, విశాఖకు మాత్రం లేవు. బైలదిల్లా ఖనిజాన్ని మార్కెట్ ధరకు కొనుక్కుంటుంది. ముప్పై లక్షల టన్నుల సామర్థ్యాన్ని 73 లక్షలకు పెంచుకున్నదీ సొంత డబ్బుతో, అప్పుతో. ఆ అప్పు మీది వడ్డీ దాన్ని తినేస్తోంది. అయోమీ వేళ్లు తెంచింది యంత్రం, విశాఖ వేళ్లు తెంచింది యజమాని. తెంచినవాడే ఇప్పుడు ముందు వరుసలో కూర్చుని గిటారు శ్రుతిలో లేదంటున్నాడు.

ప్రైవేటువాళ్లు వస్తే శ్రుతి సరిచేస్తారని ఇంకో వాదం. ఆల్బమ్‌కు పేరిచ్చిన అసలు బ్రిటిష్ స్టీల్ గతే చూద్దాం. 1988లో థాచర్ అమ్మేశారు. 1999లో డచ్చి కంపెనీతో కలిసి కోరస్ అయింది. 2007లో టాటాల చేతికొచ్చింది. అందులోని స్కంతోర్ప్ ప్లాంటును 2016లో ఒక్క పౌండుకు వదిలించుకున్నారు. కొన్నవాళ్ల చేతిలో 2019లో దివాలా తీసింది, 2020లో చైనా కంపెనీ జింగ్యే కొనుక్కుంది. ఆల్బమ్ మాత్రం ఇప్పటికీ అమ్ముడవుతోంది. ప్రైవేటుపరం చేయడమే మందైతే ఆ రోగి ఇన్ని ఆస్పత్రులు ఎందుకు మారాల్సి వచ్చిందో ఎవరైనా చెప్పాలి.

ఇక ఆల్బమ్ ముచ్చట చాలు. షేర్లు లేవన్న ఆ ఒక్క మాట మీదికి వస్తాను. అరవైకి పైగా ఊళ్లు లేచిపోయాయి ఈ ఫ్యాక్టరీ కోసం. ఇళ్లూ, జీడితోటలూ, శ్మశానాలూ అప్పగించి వెళ్లినవాళ్ల చేతిలో పెట్టింది నిర్వాసితుల ఆర్‌ కార్డు. దాన్ని పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఒక తరం ముసలిదైపోయింది, కొడుకులు ఇంకా ఎదురుచూస్తున్నారు. 1966లో ఉక్కు ఉద్యమం మీద జరిగిన పోలీసు కాల్పుల్లో ముప్పై రెండు మంది చచ్చిపోయారు. తుపాకీ కాల్చే ముందు ఎవరికెన్ని షేర్లని అప్పుడెవరూ అడగలేదు. నేల తీసుకున్నప్పుడు ప్రజలు కావాలి, ప్రాణాలు పోయినప్పుడు ప్రజలు కావాలి, అమ్మేటప్పుడు మాత్రం వాటాదారుల రిజిస్టరు కావాలా? ఇది జవాబు కాదు, పొగరు. పార్లమెంటులో ఇచ్చిన మాట మీద కట్టిన ఫ్యాక్టరీని పార్లమెంటులోనే ఇంత నిర్లక్ష్యంగా తేల్చేస్తుంటే, మన ఎంపీలు ఢిల్లీలో వినతిపత్రాలిచ్చి ఫొటోలు దిగడంతో సరిపెట్టుకోకూడదు. అమ్మకం నిర్ణయాన్ని వెనక్కి తీసుకోమని సభలో నిలబడి పట్టుబట్టండి. సొంత గని ఇప్పించండి. లాభనష్టాల లెక్క ఆ తర్వాత అడగమనండి, చెబుతాం.